దండ వేసిన ఫొటోలో నాలుగు వేళ్ళు

మా బావ ఒక సినిమాలో చనిపోయాడు. నటించి చనిపోలేదు, ఫొటోలో చనిపోయాడు. సినిమా మొదలయ్యేసరికే ఆయన గోడ మీద ఉంటాడు, మెడలో గంధం దండతో. ఆ సినిమా చూసినవాళ్ళంతా ఈయన్ని ఎవరు చంపారా అని రెండో సగం దాకా బుర్ర బద్దలు కొట్టుకున్నారు. నా బుర్ర ఇంకోచోట బద్దలైంది. ఇప్పటికీ అతుక్కోలేదు.

బావ అంటే నా మొగుడే. మా మేనత్త కొడుకు. మా అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది, అయినా నేను ఆయన్ని బావా అనే పిలుస్తాను, ఆయన నన్ను ఒసే అనే పిలుస్తాడు. రాజాంలో మాకు విత్తనాలూ పురుగుమందులూ అమ్మే కొట్టు ఉంది. పొద్దున్నే ఆయన కొట్టుకు పోతాడు, నేను స్కూలుకు పోయి పిల్లలకు తెలుగు చెప్తాను. మా ఇద్దరి మధ్యా పోట్లాటలు కూడా పప్పులో ఉప్పు గురించే.

ఆ ఏడు మా పక్క వీధిలో ఒక పాత డాబా ఇంట్లో చిన్న సినిమా యూనిట్ ఒకటి దిగింది. పెళ్ళాం తన స్నేహితుడితో కలిసి మొగుణ్ణి చంపిందా, లేక స్నేహితుడే చంపాడా అనేది కథ. ఆ కథలో మొగుడు రైసు మిల్లు ఓనరు, విషం తిని చనిపోతాడు. ఇంటి పెరట్లో పడేయడానికి పాత మందు డబ్బాలు కావాలని డైరెక్టరు మా కొట్టుకు వచ్చాడట. డబ్బాలు చూడ్డం మానేసి మా బావ ముఖమే చూస్తూ నిలబడ్డాడట.

ఆ మధ్యాహ్నం బావ భోజనానికి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పాడు.

"సచ్చిపోయిన మొగుడికి సరిగ్గా ఇలాటి మొకమే కావాల్నట. ఊరంతా ఎతికినా దొరకలేదట."

"ఏటి సెయ్యాలట?"

"ఏటీ సెయ్యక్కర్లేదు. కుర్సీలో కూసుంటే ఒక సింగిల్ ఫొటో తీస్తారు. దానికి దండేసి గోడకి తగిలిస్తారు."

"బతికున్న మనిషి ఫొటోకి దండేటి బావా?"

"సినిమాయే కదే. నిజమేటి?"

నాకు లోపల పీకుతూనే ఉంది. మా పెద్దత్తకు మాత్రం చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పెద్దత్త అంటే మా మేనత్తల్లో పెద్దావిడ, బావకు పెద్దమ్మ. పొందూరు దగ్గర పల్లెలో ఉంటుంది. బావను చిన్నప్పుడు సాకింది ఆవిడే. ఈ వయసులో కూడా రాట్నం ముందు కూర్చుని నూలు వడుకుతుంది.

ఫొటో తీసే రోజున ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వాళ్ళు తెమ్మన్నారని ఇంకో చొక్కా కవర్లో పెట్టుకుని వెళ్ళాడు. కుర్చీలో కూర్చునే ఫొటోకి రెండు చొక్కాలెందుకో నాకు అర్థం కాలేదు. సాయంత్రం వచ్చేసరికి ముఖం కమిలిపోయి ఉంది. బూట్లు దులిపితే గుమ్మంలో ఇసుక రాలింది. ఆ డాబా పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటున్నారు, ఆ ఇసుకే అనుకుని ఊడ్చేశాను. ఆ రాత్రి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి కూడా తీశాను. ఎంత అమాయకురాలినో తర్వాత తెలిసింది.

కొన్ని నెలల తర్వాత ఒక ఆదివారం పొద్దున, బావ అరుగు మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాడు. వీధి మొదట్లో ఆడమనిషి ఏడుపు వినిపించింది. మా వైపు పరామర్శకు వచ్చేవాళ్ళు ఇంటిదాకా వచ్చి ఏడవరు, వీధి మొగలోనే ఎత్తుకుంటారు. పోయినవాడి గుణగణాలన్నీ చెప్పుకుంటూ, ఆగుతూ, నడుస్తూ వస్తారు. ఆ ఏడుపు విని చుట్టుపక్కల వాళ్ళందరూ బయటకు వచ్చారు. బావ కూడా నోట్లో బ్రష్షుతోనే లేచి నిలబడి, "ఎవులే పోనారు?" అని నన్ను అడిగాడు. నాకు తెలీదన్నాను.

ఏడుపు దగ్గరకొచ్చింది. "ఓరి నా తండ్రీ, ఆకలేస్తే నోరిప్పి అడగనోడివి, ఒకల్ని మాటన్నోడివి కావురా నాయనా" అంటోంది గొంతు. నాకు ఆ గొంతు తెలుసు. అప్పటికే పెద్దత్త మా గుమ్మం ముందుకు వచ్చేసింది, జుట్టు విరబోసుకుని, వెనక వాళ్ళ ఊరి ఆడవాళ్ళు ఇద్దరితో.

తలెత్తి చూస్తే ఎదురుగా బావ, మూతినిండా నురగతో.

ఆవిడ ఏడుపు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. కాసేపు ఆయన్ని కిందికీ పైకీ చూసింది.

"ఒరే, నువ్వు సచ్చిపోలేదేటిరా?"

"లేదే పెద్దమ్మా."

"మరా దండేటి?"

సంగతేమిటంటే, ఆ సినిమా ట్రైలరు ఫోన్లలోకి వచ్చేసింది. పక్కింటి పిల్లెవరో పెద్దత్తకు చూపించింది. గోడ మీద బావ, మెడలో దండ, ముందు దీపం, కింద కూర్చుని ఏడుస్తున్న ఒక ఆడది. అది సినిమా అని ఆ పిల్ల చెప్పేలోపే ఈవిడ ఆటో ఎక్కేసింది. ఆటోలో వస్తూ దారి పొడుగునా నన్ను తిట్టిందట, మొగుడు పోతే కబురైనా పంపలేదని.

పెద్దత్త ఆయన్ని రెండు చేతులతో వీపు మీద దబదబా బాదింది. తర్వాత అదే వీపు నిమిరింది. చచ్చిపోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుందని వెంట వచ్చిన వాళ్ళు సర్దిచెప్పారు. ఆవిడ పెరుగన్నం కలిపి తన చేత్తోనే నోట్లో పెడుతుంటే ఆయన చిన్నపిల్లాడిలా తిన్నాడు. వీధంతా మా వాకిట్లోనే ఉంది, అందరూ కడుపుబ్బా నవ్వుతున్నారు. ఆవిడ మాత్రం నావైపు తిరిగింది.

"నీ మొగుడికి దండేస్తంటే సూస్తూ కూసున్నావేటే? ఇదిగో, నువ్వే సూడు."

వెంట వచ్చినవాళ్ళ చేత నా ఫోన్లోనే ఆ ట్రైలరు పెట్టించి నా చేతికిచ్చింది. సూడమంది కాబట్టి చూశాను. ఫొటో వచ్చినచోట ఆపి, వేలితో పెద్దది చేశాను.

మొదట కనపడింది పన్ను. మా బావకు పైవరసలో ఒక పన్ను పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. చిన్నప్పుడు ఎవరో వెక్కిరించారని ఆయన ఫొటోల్లో నోరు విప్పడు. మా పెళ్ళి ఫొటోలో పెదాలు కుట్టేసినట్టు ఉంటాడు. అమ్మాయి నామకరణం ఫొటోలోనూ అంతే, కొట్టు తెరిచిన రోజు ఫొటోలోనూ అంతే. ఆ పన్ను కనపడేలా ఆయన నవ్వడం ఇంట్లో, అదీ ఎప్పుడో, నేను మాత్రమే చూశాను. అది నా సొంతం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే దండ మధ్యలోంచి ఆ పన్ను ఊరందరికీ కనిపిస్తోంది.

తర్వాత కనపడినవి వేళ్ళు. ఫొటోను ఒక పక్కన కత్తిరించారు. కత్తిరించినవాడు సరిగ్గా కత్తిరించలేదు. ఎడమ భుజం మీద నాలుగు వేళ్ళు మిగిలిపోయాయి, ఎర్రటి గోళ్ళ రంగుతో.

నా ఒళ్ళంతా ఒక్కసారిగా భగ్గుమంది. అందరూ వెళ్ళేదాకా ఓపిక పట్టాను. ఎలా పట్టానో నాకే తెలీదు.

"ఈ సెయ్యెవులది?"

"ఏ సెయ్యి?" అని దగ్గరగా పెట్టుకుని చూశాడు. "అదా. ఆ ఈరోయినమ్మాయిది."

"సింగిల్ ఫొటో అన్నావు."

"సింగిలే అన్నారు. అక్కడికెల్లాక జంటగా కూడా కావాలన్నారు. దాన్నే కత్తిరించి దండేసినట్టున్నారు."

"అక్కడికంటే ఎక్కడికి?"

"కళింగపట్నం."

గుమ్మంలో నేను ఊడ్చిన ఇసుక సముద్రం ఇసుక. ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు అడగలేదు కదా అన్నాడు. అందులో ఆయన అబద్ధం లేదు. అదే నన్ను ఇంకా మండించింది. ఏదో దాచిపెట్టినవాడైతే పట్టుకుని కడిగేయొచ్చు. ఈయన దాచిపెట్టాల్సిందేదీ లేదన్నట్టు పెరుగన్నం తిన్న మూతి తుడుచుకుంటున్నాడు.

నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆ నవ్వు ఆవిడ ఎలా తెప్పించింది? ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిని నేను ఒక్క ఫొటోలోనూ తెప్పించలేనిది, ఒక పూట పక్కన నిలబడి ఎలా తెప్పించింది?

సినిమా విడుదలయ్యేదాకా నేను మనిషిలా లేను. ఆ అమ్మాయి ఫొటోలన్నీ ఫోన్లో వెతికి వెతికి చూశాను. ఏ ఫొటోలో చూసినా బాగుంది, అదొక బాధ. ఒకరోజు బజారులో ఎర్రటి గోళ్ళ రంగు కొని వేసుకున్నాను. బావ కొట్టు నుంచి వచ్చి అన్నం తిని పడుకున్నాడు తప్ప నా చేతుల వంక చూడలేదు. పొద్దున్న స్కూలుకు వెళ్ళేముందు కిరసనాయిలు పెట్టి రుద్ది రుద్ది తుడిచేశాను. ఆ వారమంతా చాక్‌పీసు పట్టుకుంటే కిరసనాయిలు వాసనే.

రాజాంలో మొదటిరోజు మధ్యాహ్నం ఆటకు వీధివీధంతా కదిలింది. బావ మళ్ళీ ఆ ఇస్త్రీ చొక్కాయే తొడుక్కున్నాడు. తెర మీద దండ ఫొటో రాగానే ఈలలే ఈలలు. చనిపోయిన మనిషికి అంత ఈల ఏ ఊళ్ళోనూ వేసి ఉండరు. పెరట్లో మందు డబ్బాలు చూపించినప్పుడు ఈయన నన్ను మోచేత్తో పొడిచి, "మన డబ్బాలే" అన్నాడు.

తర్వాత పెళ్ళి ఫొటో వచ్చింది. ఇద్దరికీ నుదుటన బాసికాలు, ఆవిడ తలవంచుకుని, ఈయన పక్కకు తిరిగి ఆవిణ్ణి చూస్తూ. పెళ్ళిలో నన్నలా చూశాడా అని గుర్తు తెచ్చుకోబోయాను. పురోహితుడి వంకే చూశాడు, ఎక్కడ ఏం తప్పు చేస్తానోనని. ఆ తర్వాత వచ్చింది సముద్రం ఫొటో, మా ఇంటి గోడకన్నా పెద్దగా. ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద, ఆయన పన్ను కనపడేలా నవ్వు, ఆ కళ్ళలో మెరుపు. ఇన్‌స్పెక్టరు ఆ ఫొటోను బల్ల మీద పెట్టి, ఇలా నవ్వే మొగుణ్ణి ఏ ఆడదైనా చంపుకుంటుందా అని పక్కవాణ్ణి అడుగుతాడు. ఆ నవ్వు చూసే ఆవిడ మీద అనుమానం మానేస్తాడు. అంటే సినిమా మొత్తం మా బావ నవ్వు మీద నడిచింది.

నా వెనక సీట్లో ఒకావిడ గట్టిగా నిట్టూర్చి, "ఇంత మంచి మొగుడు, పాపం. ఎంత పేమగా ఉన్నారో ఇద్దరూ" అంది. వెనక్కి తిరిగి, ఆ మొగుడు ఇడిగో ఇక్కడున్నాడు, ఆయన పెళ్ళాన్ని నేనే అని చెప్పాలనిపించింది. చెప్తే నమ్మేది కాదేమో, నా ముఖం అప్పుడలా ఉండి ఉంటుంది.

చివరికి చంపింది ఆవిడే. స్నేహితుడూ కాదు, ఎవరూ కాదు, ఒంటరిగా ఆవిడే. హాలంతా ఉలిక్కిపడింది. నేను ఉలిక్కిపడలేదు. ఆ నాలుగు వేళ్ళను నేను మొదటినుంచీ అనుమానిస్తూనే ఉన్నాను.

బయటకు వచ్చాక జనం మా బావతో చేతులు కలిపారు, ఫొటోలు దిగారు. నన్ను మాత్రం అందరూ దండ గురించే అడిగారు, బతికున్న మనిషికి అలా వేస్తే బెంగగా లేదా మేడమ్ అని. అంతమందిలో ఒక్కరు కూడా ఆ నవ్వు గురించి నన్ను అడగలేదు.

ఇంటికి రాగానే చెప్పాను.

"బావా, నన్ను కళింగపట్నం తీసుకెల్లు."

"మొన్నే కదే ఎల్లొచ్చాను."

"నువ్వెల్లొచ్చావు."

ఆ ఆదివారం కొట్టు మూయించి బయల్దేరదీశాను. శ్రీకాకుళం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. దారిలో ఆయన రెండుసార్లు పల్లీలు కొన్నాడు, రెండుసార్లూ ఆయనే తిన్నాడు. సముద్రం దగ్గరికి వెళ్ళేసరికి ఎండ వాలింది. వలలు ఆరబెట్టుకుంటున్న వాళ్ళు తప్ప పెద్దగా జనం లేరు.

"ఎక్కడ నిల్సున్నారు?"

"ఇక్కడే ఎక్కడో."

"సరిగ్గా సెప్పు."

ఆయన లైట్‌హౌస్ వంక చూసి, నాలుగడుగులు అటు జరిగి నిలబడ్డాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. ఆ భుజం మీదే చెయ్యి వేశాను.

"నవ్వు."

నోరు సాగదీశాడు. పెదాలు అతుక్కునే ఉన్నాయి.

"ఆవిడేటంది నీతో? ఊరికే రాదు ఆ నవ్వు."

"ఏటంటాది. ఏటీ అనలేదు."

"బావా."

నేను అలా పిలిస్తే ఆయన అబద్ధమాడలేడు. కాలితో ఇసుక తవ్వుతూ చెప్పుకొచ్చాడు. డైరెక్టరు నవ్వమని ఎన్నిసార్లు చెప్పినా ఈయనకు నవ్వు రాలేదట. ఎండలో అందరూ విసుక్కుంటున్నారట. అప్పుడా అమ్మాయి ఈయన భుజం మీద చెయ్యేసి, చెవి దగ్గర చెప్పిందట, మీరు నవ్వితే చాలా బాగుంటారండీ అని.

"అంతే. దానికే వచ్చీసినాది. మరేటీ లేదే, ఒట్టు."

మరేటీ లేదనేసరికి నా మనసు కుదుటపడుతుందనుకున్నాడు పాపం. ఆవిడ ఇంకేదైనా అని ఉంటేనే నాకు నయం. సరసమాడి ఉంటే ఆవిణ్ణి తిట్టుకుంటూ తిరిగి బస్సెక్కేదాన్ని. ఇది విన్నాక తిట్టడానికి ఆవిడ మిగల్లేదు. నాకు ఆ క్షణం నుంచి ఆవిడ మీద కోపమే లేదు. కుళ్ళంతా పక్కన నిలబడ్డ ఈ మనిషి మీదికి మళ్ళింది. ఆ మాట ఆయనకు దొరికింది. నాకు దొరకలేదు.

మాది మేనరికం. నేను పుట్టిన రోజే మా మేనత్త నన్ను ఒళ్ళోకి తీసుకుని, ఇది నా కోడలు అందట. అంతే, తేలిపోయింది. నాకు పెళ్ళిచూపులు లేవు. నా స్నేహితురాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, వచ్చినవాళ్ళ ముందు కూర్చునేవాళ్ళు. ఎవరో జడ పట్టుకుని చూశారని, ఎవరో నడవమన్నారని మర్నాడు నా దగ్గరికి వచ్చి తిట్టుకునేవాళ్ళు. నేను ఊకొడుతూ లోపల కుళ్ళిపోయేదాన్ని. నా వంక అలా ఎవరు చూశారు? నన్ను చూసి పిల్ల బాగుందని ఎవరూ అనలేదు. బాగోలేదని కూడా అనలేదు. నేను చూడాల్సిన అవసరం లేని పిల్లని.

ఇదంతా ఆయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. అడగాల్సింది మాత్రం అడిగేశాను.

"నాకెవులన్నారు బావా, ఆ మాట?"

"ఏ మాట?"

"బాగుంటావని. నువ్వు ఎప్పుడైనా అన్నావేటి?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. ఎప్పుడో ఒకసారి అనే ఉంటానని వెతుక్కుంటున్నట్టు నుదురు రుద్దుకున్నాడు. దొరకలేదు. తర్వాత ఎంతో ఇదిగా, నా కొంగు మీద పడిన ఇసుక దులుపుతూ చెప్పాడు.

"నీకెందుకే అనడం? నువ్వు మన పిల్లవే కదా. నిన్ను కొత్తగా సూసీదేటి?"

ఆయన దృష్టిలో అంతకన్నా మంచి మాట లేదు. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలికి ఇసుక పడిందన్నాను. ఏడవకుండా ఉండటానికి ఏదో ఒకటి చెయ్యాలి కదా, ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఫొటో తియ్యి. నాది. నా ఒక్కదానిదే."

ఆయన వెనక్కి వెనక్కి నడిచి ఫోను ఎత్తిపట్టాడు. ఫొటో తియ్యాలంటే నన్ను చూడక తప్పదు. ఒక కన్ను మూసుకుని, ఫోను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశాడు. నేను కొంగు సర్దుకున్నాను, జుట్టు చెవి వెనక్కి తోసుకున్నాను. ఇన్నేళ్ళకు నాకు పెళ్ళిచూపులు జరుగుతున్నట్టు అనిపించింది. ఏమంటాడో అని ఆ ఫోను వంకే చూస్తూ నిలబడ్డాను.

తీశాడు. దగ్గరికి వచ్చి, ఫొటో నాకు చూపిస్తూ, ముఖమంతా సంతోషంతో అన్నాడు.

"సముద్రం ఎంత బాగొచ్చినాదో సూడు."

చూశాను. నిజంగానే బాగా వచ్చింది. అబద్ధమెందుకు, ఆ సముద్రాన్ని చూసి కూడా నాకు కుళ్ళొచ్చింది.